తాటిదుంగల మీద బోటు

ఒక పని ఎంత బాగా చేశానో నలుగురూ చెప్పుకుంటుంటే కూర్చుని వినడం ఎంత బరువో మీకు తెలియదు. ఏళ్లుగా వింటున్నాను. నన్ను ఓదార్చొద్దు. సలహా అసలే వద్దు. వినండి, చాలు.

రెడ్డిగూడెం దగ్గర మా పెదనాన్నకి మామిడితోట, దాని దిగువన చేపల చెరువు ఉన్నాయి. మేత చల్లడానికి ఒక ఫైబర్ బోటు కొన్నాడు. దాన్ని నడిపే కోటయ్య భార్యతో చెరువుగట్టు మీద పాకలో ఉండేవాడు. నేను అప్పుడే మెకానికల్ డిప్లమో పూర్తిచేసి, ఉద్యోగం రాక, తోటలో పెత్తనం చేస్తున్నాను.

ఆ వేసవిలో పెదనాన్న కంటి ఆపరేషన్‌కి బెజవాడ వెళ్లాడు. కోసిన రసాలకి సొన కడగాలి. సిమెంటు తొట్టి చాలలేదు. బోటుని ట్రాక్టర్ మీద తోటలోకి తెప్పించి, రెండు తాటిదుంగల మీద పెట్టించి, నిండా నీళ్లు పోయించాను. కాయలు ఏరే ఆడవాళ్ల ముందు కోటయ్య అన్నాడు:

"నీళ్లలో బోటుండాలి గానీ, బోటులో నీళ్లేంటి బాబూ? మీ కాలేజీలో పుస్తకం తిరగేసి పట్టుకుని చెప్పారా?"

వాళ్లు నవ్వారు. ఆ నవ్వుకే నేనింత చేశానా? వేరే కారణం వెతికాను. దొరకలేదు.

కాయల పని అయ్యాక బోటు బోర్లించి చూశాను. అడుగున వెంట్రుకల్లాంటి పగుళ్లు. మసి రుద్ది తుడిస్తే నల్లగా తేలాయి. అడ్డంగా, తిన్నగా, సరిగ్గా దుంగలు ఆనిన రెండు చోట్ల. చెరువులో ఉన్న బోటుని నీరు అడుగంతా మోస్తుంది. ఇక్కడ బరువంతా రెండు దుంగల మీదే పడింది. చూడగానే నాకు అర్థమైంది.

పెదనాన్న తిరిగొచ్చి, ఆ పగుళ్లేంటని అడిగాడు. "కోటయ్య గట్టుకి కొట్టుంటాడు," అన్నాను.

"కొట్టలేదండీ. తోటలోకి తోలుకెళ్లేదాకా బాగానే ఉంది. ఈ బాబే నీళ్లు పోయించాడు," అన్నాడు కోటయ్య.

"నీళ్లు బయటున్నా లోపలున్నా బోటుకి ఒకటే పెదనాన్నా. లెక్క వేసి చూపించమంటావా?"

"అక్కర్లేదులే." కోటయ్య వైపు తిరిగాడు. "చదువుకున్నోడు చెప్తుంటే నీ గోలేంట్రా? పని మానేసి పాక ఖాళీ చెయ్."

"చేపలు పట్టేదాకైనా ఉండనివ్వండి అయ్యగారూ. వానలు పడబోతున్నాయి, ఎక్కడికి పోతాం?"

పెదనాన్న నా వైపు చూశాడు. ఉంచుదామా అన్నట్టుగా. నేను తల అడ్డంగా ఊపాను.

ఇక్కడ సరిగ్గా వినండి. పైపైన పూత పూసి వదల్లేదు నేను. ప్రతి పగులునీ చివరిదాకా గీకి తెరిచాను, ఎండలో ఆరబెట్టాను, రెజిన్ జిగురుతో ఫైబర్ మ్యాట్ పొరలు వేశాను, గట్టిపడ్డాక నున్నగా రుద్ది రంగు వేశాను. పుస్తకంలో ఉన్నట్టే. ఎందుకంత శ్రద్ధ? తెలిసినవాడెవడైనా వంగి చూస్తే దుంగల మధ్య దూరం ఆ గీతల్లోనే దొరుకుతుంది కాబట్టి. నేను బోటు బాగుచేయలేదు. సాక్ష్యాన్ని గీకేశాను. అది ఇప్పటికీ చుక్క కారదు. వచ్చినవాళ్లకల్లా పెదనాన్న అడుగు తడిమి చూపించి, "మావాడి పని," అంటాడు.

బోటు పగలగొట్టాడన్న పేరు చుట్టుపక్కల చెరువులన్నిటికీ పాకింది. కోటయ్యని ఎవరూ పెట్టుకోలేదు. ఒకసారి హనుమాన్ జంక్షన్‌లో అతను లారీకి బస్తాలు ఎత్తుతుంటే బస్సు కిటికీలోంచి చూశాను. దిగలేదు. సిగ్గా? భయమా? రెండూ కాదు. పాత కోపమే వచ్చింది. అన్యాయం చేసింది నేనైతే, ఆ మనిషి మీద కోపం నాకెందుకు తగ్గదు? అతను నడుం వంచి మోస్తుంటే నాకు ఎక్కడో తృప్తిగా కూడా ఉంది. ఇదీ రాస్తున్నాను, మీరు నన్ను మంచివాడనుకోకుండా.

కోటయ్య నోరు మంచిది కాదు. ఇప్పటికీ అతనంటే నాకు గిట్టదు. ఇది రాస్తే మారతాననుకోలేదు, మారలేదు. కానీ ఆ బోటు పగలగొట్టింది అతను కాదు. నేను. ఈ ఒక్క మాట కాగితం మీద పెట్టాక ఊపిరి కాస్త సాఫీగా ఆడుతోంది. అంతకుమించి నాకు రావలసిందేమీ లేదు.