సామ్రాజ్యమ్మ నూరిన గొడ్డలి

బళ్లారి దగ్గర కురుగోడు కొండల కింద కాలువ పనులు జరిగే రోజుల్లో కంకర కొట్టేవాళ్లు మూడు వందల మంది దాకా ఉండేవారు. వాళ్లలో సామ్రాజ్యమ్మ కుప్పను మాత్రం మేస్త్రీ వంక పెట్టకుండా ఒప్పుకునేవాడు. ముక్కలన్నీ జల్లెడ పట్టినట్టు ఒక్క తీరుగా ఉండేవి. ఆమె తండ్రి రోళ్లు, తిరగళ్లు చేసి సంతల్లో అమ్మినవాడు. రాయిని సుత్తితో తట్టి, చప్పుడు విని, అది ఎటు పగులుతుందో ముందే చెప్పేవాడు. కొడుకులు లేనందువల్ల ఆ విద్య కూతురికి అబ్బింది. మిషన్ బడిలో నాలుగో తరగతి వరకు చదివింది కాబట్టి రాయడం కూడా వచ్చు. భర్త సాలొమోను కాలువ మీద లష్కరు. తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్టు కాపలా అతని పని. మాట తక్కువ మనిషి. ఇద్దరి మాటలూ సామ్రాజ్యమ్మే మాట్లాడుతుందని గుడిసెల్లో అనుకునేవాళ్లు.

1955 వేసవిలో పున్నయ్య అనే రైతు తన చేనును వరిమడులుగా చదును చేయిస్తున్నాడు. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి, కాలువ నీళ్లను నమ్ముకుని ఇక్కడ భూమి కొన్నవాడు. కంకర పని లేనప్పుడు సామ్రాజ్యమ్మ ఆయన దగ్గర మట్టి పనికి వెళ్లేది. ఒకరోజు ఆమె పార కింద ఏదో ఖంగుమంది. తీసి చూస్తే నల్లరాయి. అరచేతిలో ఇమిడేంత ఉంది. ఒక కొస మొండిగా, రెండో కొస వెడల్పుగా, పదునుగా ఉంది. ఒళ్లంతా నున్నన.

పున్నయ్య దగ్గర జీతానికున్న ముసలాయన పంపన్న చేతిలో బుట్ట కింద పడేశాడు.

"ముట్టద్దు పాపా! పిడుగురాయి అది. ఉరిమినప్పుడు పైనుంచి పడి ఏడు మూరలు లోపలికి పోతాది. మారెమ్మ గుళ్లో పెట్టల్ల."

ఆ చుట్టుపక్కల అందరి నమ్మకమూ అదే. గుళ్లల్లో అలాంటివి నాలుగైదు పసుపు పూసి ఉండేవి. పశువుకు జబ్బు చేస్తే వాటిని అరగదీసి ఆ నీళ్లు తాగించేవాళ్లు.

సామ్రాజ్యమ్మ రాయి మీద మట్టి చెంగుతో తుడిచింది. పదును మీద బొటనవేలు ఆనించింది. తర్వాత మొండి కొసను ఎండకు తిప్పి చూసింది.

"పైనుంచి పడిండేదైతే ఈ గాట్లు యాడివప్పా? ఇవి సుత్తి దెబ్బలు. దినామూ నేను కొడతాండా గదా, నాకు తెలీదా? ఎవరో కూకోని దీన్ని కొట్టినారు, ఆమీట నూరినారు. ఇది గొడ్డలి."

గట్టు మీద నిలబడ్డ పున్నయ్య నవ్వాడు. "రాతి గొడ్డలితో ఏం నరుకుతారమ్మా, అరటి చెట్లా?"

"ఇనుము పుట్టకముందు దేంతో నరికినారయ్యా?"

పున్నయ్య ఆ రాయిని ఆమెనే తీసుకుపొమ్మన్నాడు.

అలా మొదలైంది. కాలువ తవ్వకంలో, కొత్త మడుల్లో, వాన వెలిసిన తర్వాత కొండవాలు మీద ఆమె వెతకసాగింది. ఎవరికి దొరికినా ఆమెకు కబురు వచ్చేది. ఆమె ముందు అక్కడికి వెళ్లి చోటు చూసేది, ఎంత లోతులో దొరికిందో చేతితో కొలిచేది, తర్వాతే రాయి తీసుకునేది. కాలువ రాళ్ల మీద మైలు అంకెలు వేసే ఎర్రరంగు సాలొమోను దగ్గర ఉండేది. ఆ రంగుతో, పుల్లతో, ప్రతి రాయి మీదా రాసేది: "పున్నయ్య రెండో మడి, మూర లోతు." "తూము పడమర, బూడిద మట్టిలో." పాత కోటగోడ కూలిన చోట తుప్పుపట్టిన ఇనుప గొడ్డలి ఒకటి దొరికితే దాని మీద రంగు నిలవలేదు. గుడ్డపేలిక మీద రాసి దానికి కట్టింది.

"దేనికి ఈ రాతలన్నీ?" అని సాలొమోను ఒకసారి అడిగాడు.

"ఊరు పేరు లేని మనిషిని ఎవరు లెక్కపెడతారు? రాయైనా అంతే."

మూడేళ్లలో రేకు పెట్టె నిండింది. చర్చి సంఘపు అయ్యగారు ఒక ఆదివారం ఆరాధన తర్వాత ఆమెను ఆపి, గుళ్లల్లో పూజలందుకునే రాళ్లు విశ్వాసుల ఇంట్లో ఉండకూడదని చెప్పాడు. "బైబిల్లో భక్తులు రాతికత్తులు వాడినారని పోయిన నెల మీరే చెప్తిరి గదా అయ్యగారూ, ఇవి గొడ్డళ్లు, అంతే తేడా" అని ఆమె గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఊళ్లోవాళ్లతో అంత తేలిగ్గా తెమలలేదు. 1958లో ముంగారు, అంటే తొలకరి వానల్లో పిడుగు పడి వీరభద్రప్ప గౌడ ఎద్దులు రెండూ తుమ్మచెట్టు కిందే చచ్చిపోయాయి. వీరభద్రప్ప పాతిక ఎకరాల ఆసామి. కన్నడం, తెలుగు కలిపి గట్టిగా మాట్లాడే మనిషి. ఆ జతను దూడలప్పటి నుంచి పెంచుకున్నాడు. మూడు రోజులు అన్నం ముట్టలేదన్నారు. నాలుగో రోజు పదిమందిని వెంటబెట్టుకుని లష్కరు గుడిసె ముందుకొచ్చాడు.

"ఏనమ్మా, పిడుగుల్ని పెట్టెలో పెట్టి బీగం వేస్తే పైనున్న పిడుగు సుమ్నే, గమ్మున ఉంటాదా? దాని పిల్లల కోసం వస్తాది. నీ ఇంటి మీద పడల్సింది నా ఎద్దుల మీద పడింది. అన్నీ తీస్కపోయి మారెమ్మ ముందర పెట్టు. లేదంటే రేపు ఈ గుడిసె ఉండదు."

గుంపులో కొందరు కర్రలు పట్టుకుని ఉన్నారు. సాలొమోను లేచి ఆమె పక్కన నిలబడ్డాడు. సామ్రాజ్యమ్మ వాకిట్లోంచి కదల్లేదు.

"నీ ఎద్దులు పోయిందానికి నాకూ బాధగానే ఉండాది గౌడ్రే. అవి మా కంకర బండ్లు కూడా లాగినాయి. కానీ ఈ రాళ్లు పిడుగులు కావు. మనిషి చేసినవి. నేనే ఒకటి చేసి చూపిస్తా. దాంతోనే ఆ తుమ్మచెట్టు నరుకుతా."

గుంపులో ఒక్కసారిగా కలకలం లేచింది. పిడుగు పడ్డ చెట్టును ముట్టుకోవడానికే ఎవరూ సాహసించరు. సగం కాలి, ఇంకా నిలబడే ఉన్న ఆ చెట్టు నీడలోకి మేకలను కూడా పోనివ్వడం లేదు.

"నరకలేకపోతే?" అన్నాడు వీరభద్రప్ప.

"పెట్టె నేనే నెత్తిన పెట్టుకోని గుడికి తెస్తా."

"చేయ్, నోడోణ, చూద్దాం. ఒక నెల."

మర్నాడు ఆమె పనికి పోకుండా కొండెక్కింది. కొండ వెన్ను మీద నల్లరాయి చార ఒకటి గోడలా సాగిపోతుంది. దాని చుట్టూ నల్లటి పెచ్చులు గుట్టలుగా పడి ఉంటాయి. అవి రాక్షసులు కొరికి ఉమ్మిన రాళ్లని పిల్లలకు చెప్పేవాళ్లు. సామ్రాజ్యమ్మకు చూడగానే తెలిసిపోయింది, అది పనిచోటు. తండ్రి కూర్చున్న చోట కూడా పెచ్చులు అలాగే పడేవి.

మొదటి రాయి నాలుగో రోజు మధ్యకు విరిగింది. రెండోది చెక్కడం బాగానే అయింది గానీ, లోపల కనపడని పగులు ఉండి అంచు మొత్తం లేచిపోయింది. మూడో రాయిని తట్టి తట్టి, చెవి ఆనించి విని ఎంచుకుంది. చెక్కింది. గుండ్రాయితో పొడిచి పొడిచి ఒళ్లు సమం చేసింది. ఇక నూరాలి. దగ్గర్లోనే బండ మీద మూరెడు పొడవు గాడులు వరుసగా ఉన్నాయి, లోపల అద్దంలా నున్నగా. ఒక గాడిలో ఇసుక, నీళ్లు పోసి, మోకాళ్ల మీద కూర్చుని రాయిని ముందుకూ వెనక్కూ లాగింది. చేతులు తమంతట తామే దారి పట్టినట్టు అనిపించిందని తర్వాత చెప్పింది. ఆ గాడి ముందు, మోకాళ్లు ఆనే చోట కూడా బండ అరిగి ఉందట. అది చూసి కాసేపు నూరడం ఆపేసిందట. తనకు ముందు అక్కడ ఎంతమంది కూర్చున్నారో అనుకుంటే ఏడుపు వచ్చిందట.

పద్దెనిమిది రోజులు నూరింది. అరచేతులు పొక్కి పగిలాయి. పగలంతా తూముల మీద తిరిగి, సాయంత్రం సాలొమోను కొండెక్కి నీళ్ల కుండ దించి వెళ్లేవాడు. మధ్యలో ఒకరోజు పంపన్న కూడా వచ్చాడు. చాలాసేపు చూసి, "నేను నూరేదా కొంచెంసేపు?" అన్నాడు. ఆమె వద్దంది. "నువ్వు చెయ్యిపెడితే పంపన్న చేసినాడంటారు."

పిడికి గట్టి కర్రకు బెజ్జం తొలిచి, రాయిని అందులో దించి, తడి తోలు వారుతో బిగించి ఎండబెట్టింది. తోలు ఎండుతూ బిగుసుకుంది.

ఒప్పుకున్న రోజు పొద్దున్నే తుమ్మచెట్టు చుట్టూ జనం చేరారు. పున్నయ్య లాంటి వలస రైతుల క్యాంపు నుంచి ఆడవాళ్లు కూడా వచ్చారు. సామ్రాజ్యమ్మ కొంగు నడుముకు చుట్టి మొదటి దెబ్బ వేసింది. బెరడు మాత్రమే లేచింది. ఎవరో ఈల వేశారు. గట్టిగా కొట్టడం మానేసి, చిన్న చిన్న దెబ్బలతో, ఏటవాలుగా, చుట్టూ తిరుగుతూ కొట్టసాగింది. పేళ్లు లేవడం మొదలైంది. గంట తర్వాత అంచులో గోరంత పెచ్చు ఎగిరింది.

"అయిపోయిందా?" అన్నాడు వీరభద్రప్ప.

"ఇనుప గొడ్డలి మొద్దుబారితే నువ్వు పారేస్తావా గౌడ్రే?" అంటూ ఆమె అక్కడే సానరాయి మీద ఇసుక వేసి, అందరూ చూస్తుండగా అంచు నూరుకుంది. మళ్లీ లేచింది. ఎండ నడినెత్తికి రాకముందే తొడంత లావు మాను పెటపెటమని వంగి, గట్టుకు అడ్డంగా పడిపోయింది.

వీరభద్రప్ప దగ్గరకొచ్చి, గొడ్డలి చేతికి తీసుకుని, బరువు చూశాడు. పడిన చెట్టు వైపు చూశాడు.

"మరి నా ఎద్దులు ఎందుకు చచ్చినాయమ్మా?"

"అది నాకు తెలీదు గౌడ్రే. వీటివల్ల కాదని మాత్రం తెలుసు."

అతను గొడ్డలి తిరిగిచ్చి వెళ్లిపోయాడు. ఆ చెట్టు కట్టెలు మాత్రం ఎవరూ పొయ్యిలో పెట్టలేదు. సామ్రాజ్యమ్మే పెట్టుకుంది. తన గొడ్డలి మీద ఎర్రరంగుతో "సామ్రాజ్యం చేసింది, 1958" అని రాసింది. ముందు ముందు ఎవరైనా దాన్ని పాతకాలపుదని మోసపోకూడదంది.

ఆ కథ ఊళ్లు దాటింది. రెండేళ్ల తర్వాత బళ్లారి నుంచి శివరామకృష్ణయ్య అనే పెద్దమనిషి జీపులో కాలువ గట్టు మీదుగా గుడిసెకొచ్చాడు. పాత కత్తులు, డాళ్లు, గొడ్డళ్లు అద్దాల బీరువాల్లో పెట్టుకునే సరదా ఆయనది. పెట్టె తెరిపించి, ఒక్కో రాయీ చూస్తూ మురిసిపోయాడు. తర్వాత డ్రైవరు చేత కిరసనాయిలు గుడ్డ తెప్పించి, చేతిలోని రాయి మీద ఎర్ర అక్షరాలు తుడవబోయాడు.

సామ్రాజ్యమ్మ ఆయన చేతిలోంచి రాయి లాక్కుంది.

"ఏం చేస్తాండావు సామీ?"

"ఈ గీతలతో అందం చెడిపోయిందమ్మా. నా బీరువాలో శుభ్రంగా ఉంటాయి. అన్నీ నేనే తీసుకుంటాను."

"అందానికి పెట్టుకోలేదు సామీ నేను. యాడ దొరికిందో ఆ రాత పోతే ఇది కంకర రాయే. కంకర కావల్లంటే బయట కుప్పలుండాయి, ఎత్తుకోపో."

ఆయన మొహం ఎర్రబడింది. భూమిలో దొరికినవన్నీ సర్కారు సొత్తని, పైవాళ్లకు ఒక్క మాట చెప్తే పోలీసులు వస్తారని బెదిరించాడు. సామ్రాజ్యమ్మ పెట్టె మూత వేసి దాని మీద కూర్చుంది.

"సర్కారుదైతే సర్కారే రానీ. రసీదు రాసి తీసుకోనీ. నువ్వు సర్కారా?"

అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ సాలొమోను గొంతు సవరించుకున్నాడు. "కాలువ గట్టు మీద పాసు లేకుండా జీపు తేకూడదు సార్. పాసు చూపించండి. లేదంటే నంబరు రాసుకోవల్ల." చెప్పి, చంకలో పుస్తకం తీసి నిజంగానే జీపు నంబరు రాసుకున్నాడు. పెద్దమనిషి విసవిసా నడిచి జీపెక్కాడు. జీపు కనుమరుగయ్యాక సామ్రాజ్యమ్మ భర్త వైపు తిరిగి, "నీకూ నోరుందే!" అని ఒకటే నవ్వింది.

సర్కారు రాలేదు గానీ 1963లో పాత కాలపు ఊళ్లను పరిశోధించే ఇద్దరు పంతుళ్లు గుడారాలతో వచ్చారు. వాళ్లలో పెద్దాయన పెట్టె ముందు కూర్చుని రాళ్ల కంటే ముందు రాతలు చదివించుకున్నాడు. తెలుగు రాదు కాబట్టి రెండోవాడు చదివి చెప్తూంటే కాగితం మీద పటం గీసుకున్నాడు. బూడిద మట్టి అని ఉన్నవన్నీ ఒకే దిబ్బ చుట్టూ వచ్చాయి. మూడు రోజుల తర్వాత అక్కడే తవ్వడం మొదలుపెట్టారు. పెట్టె అడిగితే సామ్రాజ్యమ్మ ఒప్పుకుంది. వాళ్లు ప్రతి రాయి పేరూ రాసి, సంతకం పెట్టి, రాతలు చెరిపేది లేదని మాట ఇచ్చాకే తాళం చెవి ఇచ్చింది. నలభై ఆరు రాళ్లు, ఒక ఇనుప గొడ్డలి. తను నూరింది మాత్రం ఇవ్వలేదు.

తవ్వకంలో ఆమెకు మేస్త్రీ పని ఇచ్చారు. ఆడదాని కింద పనిచేసేది లేదని అలిగి ఇద్దరు కూలీలు వెళ్లిపోతే, "పోనీండప్పా, పార నాకూ పట్టుకోను వస్తాది" అని వాళ్ల గుంట తనే తవ్వింది.

రెండో నెలలో పసుపుపచ్చ మట్టి తగిలింది. కింద ఇక మనిషి వాసన లేదని, తవ్వకం ఆపేయమని పెద్దాయన చెప్పాడు. సామ్రాజ్యమ్మ గుంటలోంచి పైకి రాలేదు.

"ఇది పుట్టుమట్టి కాదు సార్. తొక్కి గట్టిచేసిన మట్టి. కింద ఇంకా ఉండాది."

రెండో పంతులు చెప్పింది విని పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. పుస్తకం మూసి, ఎక్కిరమ్మని చేత్తో సైగ చేశాడు.

"బూట్లిడిసి దిగు సార్. కాలికే తెలుస్తాది."

గట్టు మీద కూలీలందరూ పని ఆపి చూశారు. రెండో పంతులు ఆ మాట నీళ్లు నమిలి ఎలాగో ఇంగ్లీషులో చెప్పాడు. పెద్దాయన బూట్లు విప్పి, మేజోళ్లు తీసి, గుంటలోకి దిగి అటూ ఇటూ నడిచాడు. మరో మూర తవ్వమన్నాడు. సాయంత్రానికి ఆ తొక్కిన మట్టి కింద మూడు రాళ్ల పొయ్యి, దాని పక్కన మసి పట్టిన కుండ పెంకులు బయటపడ్డాయి.