బెల్లం తిన్న తేనెటీగలు

ఆ తోటలో తేనెటీగలు ఎండకు చచ్చాయని ఖతార్‌లోని అల్ ఖోర్ లేబర్ క్యాంపులో చెప్పుకుంటారు. గల్ఫ్ అంతా దుబాయే అనుకునే అన్న సొంతూళ్ళోనైతే "దుబాయ్‌ల ఈగలను సూసుకునుడు గూడ చేతగాలే" అని నవ్వుతున్నారట. రెండు మాటలూ తప్పే. జరిగిందంతా మొదటినుంచీ చూసినవాళ్ళం ఇద్దరమే. ఆయన రాయడు, కాబట్టి నేను రాస్తున్నాను.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. అల్ ఖోర్ అవతల ఒక తోటలో కలిసి పనిచేశాం. నాది కూరగాయల మళ్ళకు నీళ్ళు పెట్టే డ్యూటీ. ఆయన చాలా ఏళ్ళు సైట్లలో ఇనుము మోసి, మోకాళ్ళు అరిగాక ఇక్కడికి వచ్చాడు. తోట యజమానిని మేం అర్బాబు అంటాం. ఆయనే అన్నకు తేనెపెట్టెలు అప్పగించాడు. బరువు ఎత్తే పని లేదు, నీడలో కూర్చోవచ్చు. ఈగల్ని చూస్తూ అన్న అన్నం కూడా మరిచిపోయేవాడు.

ఆ వేసవిలో అర్బాబు ఒక మాట అన్నాడు. ఎండలు తగ్గాక సిదర్ చెట్లు పూస్తాయి, అవి మన రేగు జాతివే. ఆ పూతకు తేనె రాకపోతే పెట్టెలు తీసేస్తానన్నాడు. పెట్టెలు పోతే అన్నకు పని లేదు. మళ్ళీ ఇనుము మోయలేడు. ఇంటికి పోవడమే.

వేసవిలో పూలుండవు. అర్బాబు పంపిన చక్కెరతో పాకం చేసి పెట్టాలి. అయినా ఈగలు పలచబడుతున్నాయి. ఒకరోజు చూస్తే అన్న గిన్నెలో పాకం నల్లగా ఉంది.

"ఇదేందన్నా, చాయ్ పోస్తున్నవా ఈగలకు?"

"బెల్లం. దోహాల అల్ మన్సూరా దుకాణంల తెప్పిచ్చిన. తెల్ల చక్కెరల ఏం బలముంటది తమ్మీ? రాణి ఈగ గుడ్లు పెడుతుంటది. బాలింతకు మనం ఏం పెడతం, చెప్పు."

"ఎండుకొబ్బరి కుడుకలు, బెల్లం."

"కుడుకలు తింటయా ఇవి?" అని నవ్వాడు.

అన్నవాళ్ళ నాన్న చెరుకు రసం కాచి బెల్లం వండేవాడు. బెల్లం మంచిచెడ్డలు అన్నకు వాసనతోనే తెలిసేవి. ఆయన్ని కాదనడానికి నాకేం తెలుసు?

కొన్నాళ్ళకు పెట్టెల ముఖాన గోధుమరంగు చారలు పడ్డాయి. ఈగలు ఉబ్బిన పొట్టలతో ఇసుకలో పాకుతున్నాయి. ఎగరలేకపోతున్నాయి.

"ఏం పంతులూ," అన్నాడు అన్న. నేను చదువుతానని అలా పిలిచేవాడు. "సూడరాదు నీ పుస్తకాలల్ల."

నేను పదో తరగతితో ఆగినవాణ్ణి. అయినా శుక్రవారం వస్తే బస్సెక్కి దోహాలోని పెద్ద లైబ్రరీకి పోతాను. పక్కన డిక్షనరీ పెట్టుకొని ఇంగ్లీషు పుస్తకాలు చదువుతాను. అలా నేర్చుకున్నదంతా నా సొంతమని నాకు గర్వం.

ఆ శుక్రవారం తెలిసిన సంగతి ఇది. ఈగ పేగుల్లో కంటికి కనిపించని జీవులు కాపురముంటాయి. కొత్తగా పుట్టిన ఈగ కడుపులో అవి దాదాపు ఉండవు. గూట్లో పెద్ద ఈగల మధ్య తిరుగుతూ వాటి దగ్గరే తెచ్చుకుంటుంది. పుప్పొడి పొట్టును అరిగించడంలో సాయపడేది ఆ జీవులే. పుప్పొడి లేక వట్టి తీపి మీద బతికితే వాటి పొందిక చెదురుతుంది, ఈగ ఒంట్లో కొవ్వు నిలవదు, ఆయుష్షు తగ్గుతుంది. కొత్త సంగతులు తెలుస్తుంటే సంతోషపడ్డాను. తర్వాతి పేజీలో మన బెల్లంలాంటి శుద్ధి చేయని చక్కెరల గురించి ఉంది. వాటిలో మిగిలే మడ్డి, ఖనిజాలు మనకు బలమనిపిస్తాయి. ఈగకు అరగవు. పేగు చివర పేరుకుంటాయి. మామూలుగా ఈగ బయటికి ఎగిరి మలం వేస్తుంది. కడుపు చెడితే ఆగలేదు, గూట్లోనే వేస్తుంది. దాన్ని నోటితో శుభ్రం చేసేది చిన్న ఈగలు. రోగం వాటికీ పాకుతుంది.

తిరుగు బస్సులో ఈ మాట అన్నకు ఎలా చెప్పాలా అని ఆలోచించుకుంటూ వచ్చాను. ఎలా చెప్పినా ఒకటే.

అన్న అంతా విన్నాడు. "మనకైతే ఏం గాదు గదా," అన్నాడు.

"మన కడుపు వేరు, వాటి కడుపు వేరన్నా."

"గట్లనా. మరి నేను కడుపు నిండ పెట్టిన గదా తమ్మీ."

నల్ల పాకం పారబోశాడు. పెట్టెలు గీకి, కడిగి, ఎండబెట్టాడు. పక్క తోటలో ఈగలు పెంచే ఈజిప్టు పెద్దాయన పుప్పొడి నిండిన చట్రాలు, వాటికి పట్టి ఉన్న ఈగలతో సహా ఊరికే ఇచ్చాడు. పొద్దున్నే అన్న పెట్టెకు చెవి ఆనించి వినేవాడు. మొదట్లో నన్నూ పిలిచి వినమనేవాడు. తర్వాత పిలవడం మానేశాడు.

రోగం ఆగలేదు. సిదర్ మొగ్గ తొడిగేనాటికి పెట్టెలన్నీ నిశ్శబ్దమయ్యాయి. అర్బాబు వచ్చి మూతలెత్తి చూశాడు. కోప్పడలేదు. "ఖలాస్," అన్నాడు మెల్లగా. ఎండకేనా అని అడిగితే, అన్న తనే బెల్లం సంగతి చెప్పాడు. అర్బాబు ఆయన భుజం తట్టాడు కానీ మాట మార్చుకోలేదు. టికెట్ కొనిచ్చి పంపించాడు.

డిక్షనరీలో దొరకని మాటలకు అర్థం చెప్పిన లైబ్రరీ అక్కకు, చట్రాలు ఇచ్చిన ఈజిప్టు పెద్దాయనకు, శుక్రవారాల్లో నా మళ్ళకు నీళ్ళు పెట్టిన నేపాలీ తమ్మునికి నా దండాలు. పేర్లు పెట్టి చెప్పేవాణ్ణే, అన్న వద్దన్నాడు. రాసుకోవడానికి ఒప్పుకున్న అన్నకు అందరికంటే పెద్ద దండం. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా వానల గురించి, మోకాళ్ళ గురించి చెబుతాడు. ఈగల మాట ఆయన ఎత్తడు. నేనూ ఎత్తను.