వంతెన దగ్గర ముసలాయన

మా అంగడికీ కుంచోరో ఇంటికీ మధ్య ఉన్నది ఒక వెదురు తడిక. ఇవతల నేను పెచెల్ అన్నం, అంటే ఉడికిన ఆకుకూరల మీద వేరుశనగ పచ్చడి పోసిన అన్నం, అమ్ముతాను. అవతల అతను ముందుగదిలో నాలుగైదు టీవీలు పెట్టి, చాప పరిచి, గంటకింతని అద్దె తీసుకుని వీడియో ఆటలు ఆడిస్తాడు. నేను రోట్లో వేరుశనగ పచ్చడి నూరుతుంటే అవతల రాక్షసులు చస్తుంటారు. ఎవరి చప్పుడు ఎవరికి ఎక్కువైనా తడిక మీద కొట్టి తిట్టుకోవడం మాకు మామూలే. ఆ తడిక వల్లే ఈ కథంతా నాకు తెలిసింది.

కుంచోరో నలభై దాటిన మనిషి. చెవి వెనక ఎప్పుడూ ఒక లవంగాల సిగరెట్టు ఉంటుంది గానీ, ఆడేవాళ్లు గదిలో ఉన్నంతసేపూ వెలిగించడు. పాడైన జాయ్‌స్టిక్కుని ఒక్కదాన్నీ పారేసి ఎరగడు. విప్పి, పాత పళ్ల బ్రష్షుతో తోమి, లోపలి రబ్బరు మార్చి మళ్లీ ప్రాణం పోస్తాడు. మా మలాంగ్ ఊళ్లో ఇలాంటి గదులు వీధికొకటి ఉన్నా జనం అతని దగ్గరికే రావడానికి కారణం మాత్రం ఆ గోడ. గోడ నిండా మేకులు, మేకుకొక మెమరీ కార్డు, కార్డు మీద టేపు అంటించి రాసిన పేరు. ఎవరు ఆటలో ఎంతదాకా వెళ్లారో అదంతా ఆ చిన్న బిళ్లలో ఉంటుంది. మసీదు మెట్ల దగ్గర చెప్పులు మారిపోవచ్చు గానీ, కుంచోరో గోడ మీద కార్డు మారదు. ఒకరి కార్డు ఇంకొకరు ముట్టుకోవడమన్నది ఆ గదిలో లేదు.

తుకిరాన్ అతని చిన్ననాటి స్నేహితుడు. ఆర్జోసారి బస్టాండు నుంచి నీలం వ్యాను తోలుతాడు. వారమంతా స్టీరింగు, ఆదివారం పొద్దున మాత్రం జాయ్‌స్టిక్కు. ఇద్దరికీ కత్తులు, మంత్రాలు, భూతాలు ఉన్న ఆటలే ఇష్టం. కాకపోతే ఒకడికి ఇష్టమైంది ఇంకొకడికి గిట్టదు. కుంచోరోది నల్లకోట. తుకిరాన్‌ది తెల్లకొంగ. అసలు పేర్లేమిటో ఎవరికీ తెలియదు, డిస్కు అట్ట మీద బొమ్మని బట్టి మేం పెట్టుకున్న పేర్లవి. ఆదివారం ఆట అయ్యాక ఇద్దరూ నా బల్ల దగ్గర కూర్చుని ఆ వాదన మొదలుపెట్టేవాళ్లు.

"నల్లకోటలో న్యాయం ఉందిరా," అనేవాడు కుంచోరో. "కత్తి ఎత్తడం ఆలస్యమైందా, చచ్చావు. తప్పు నీదే, ఇంకెవణ్ణీ అనడానికి లేదు. చస్తే కూడబెట్టిందంతా పోతుంది. అందుకే ప్రతి అడుగూ ఒళ్లు దగ్గర పెట్టుకుని వేస్తాం. నీ కొంగలో ఏముంది? నడవడం, కబుర్లాడటం, కొంగెక్కి ఊరేగడం. అది ఆటా, పెళ్లివారి బస్సా?"

"బండి తోలేవాడికి బండే నచ్చుతుంది మరి," అనేవాడు తుకిరాన్ నవ్వుతూ. "నీ కోటలో నువ్వొక్కడివే. గెలిచినా భుజం తట్టేవాడు లేడు. నాకు అలా కాదు, నలుగురం కలిసి వెళ్తాం. ఒకడికి దెబ్బ తగిలితే ముగ్గురం ఆగుతాం. సత్రంలో పడుకుని పొద్దున లేస్తే వాళ్ల ముచ్చట్లు వినాలి, ఎంత బాగుంటాయో!"

"జపాను మాటలు! నీకేం అర్థమై ఏడ్చాయిరా?"

"అర్థం కాకపోతేనేం, నేను చెప్తాగా."

నిజంగానే చెప్పేవాడు. తెల్లకొంగ జపాను నుంచి వచ్చిన ఆట, తెర మీద అక్షరాలు ఒక్కటీ మాకు రావు. తుకిరాన్ బొమ్మల మొహాలు చూసి కథ అల్లేవాడు. తోలుబొమ్మలాడించే దళంగ్‌లాగా గొంతు మార్చి, ఒక్కొక్కరి మాట ఒక్కోలా పలికేవాడు. ఆ నలుగురిలో పడవ నడిపే ముసలాయన ఒకడున్నాడు, కుంటికాలు. తుకిరాన్ ఆయనకు ఒక దగ్గూ, ఒక గొణుగుడూ, తప్పిపోయిన ఒక కూతురూ ఇచ్చాడు. ఆ ముసలాయన గొంతు వినడానికి తినేసిన వాళ్లు కూడా లేవకుండా కూర్చునేవాళ్లు. నేనూ గరిటె పట్టుకుని నిలబడిపోయేదాన్ని. ఒక్క కుంచోరో మాత్రం సరిగ్గా ఆ సమయానికి ఏదో జాయ్‌స్టిక్కు ఒళ్లో పెట్టుకుని మరలు విప్పుతూ ఉండేవాడు.

ఆటలు రెండింటికీ ఇంకో తేడా ఉంది, అదే కొంప ముంచింది. నల్లకోటలో ఇంటూ గుర్తు మీట నొక్కితే సరే అన్నట్టు, గుండ్రం నొక్కితే వద్దన్నట్టు. తెల్లకొంగలో ఇది తలకిందులు, గుండ్రమే సరే. ఆ అక్షరాలు రాని వాళ్లం కదా, మేం చదివేది బొటనవేలితోనే.

రెండేళ్ల ఆదివారాలు ఆడి ఆడి తుకిరాన్ చివరి తలుపు దాకా వచ్చాడు. "వచ్చే ఆదివారం తలుపు తీస్తున్నా. అందరూ రావాలి, అరటికాయ బజ్జీలు నావి," అని వీధంతా పిలిచాడు. అంత గొప్పగా పిలిచేసరికి కుంచోరోకి ఎక్కడో గుచ్చుకుంది. నల్లకోట అతను ఎన్నిసార్లు పూర్తి చేశాడో, చూడమని ఎవరినీ పిలిచింది లేదు, ఎవరూ వచ్చిందీ లేదు.

శనివారం మధ్యాహ్నం గది ఖాళీగా ఉంది. కుంచోరో మేకు మీద నుంచి తుకిరాన్ కార్డు తీశాడు. ఆడటానికి కాదు, వంకలు వెతకడానికి. ఆదివారం అందరి ముందూ అనడానికి నాలుగు మాటలు దొరక్కపోతాయా అని. చివరి తలుపు ముందు నలుగురూ నిలబడి ఉన్నారు. చూశాడు. అసలు మొదలెలా ఉంటుందో చూద్దామని కొత్త ఆట మొదలుపెట్టాడు. కాసేపటికి మొదటి సత్రం వచ్చింది, తెర మీద ఏదో అడిగింది. పాతదాని మీద ఈ కొత్త ఆటని కార్డులో రాసుకోనా అని అడుగుతోందని అతనికి తెలుసు. వద్దనుకున్నాడు. నల్లకోట అలవాటు కొద్దీ గుండ్రం నొక్కాడు.

అంతే. తుకిరాన్ నలుగురూ ఉండాల్సిన చోట, సత్రం ముందు ఒంటరిగా నిలబడ్డ ఒక పసివాడి బొమ్మ.

తడిక పక్క నుంచి అతను నా అంగట్లోకి వచ్చినప్పుడు మొహాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. జరిగిందంతా చెప్పాడు. "మీ ఇద్దరూ పెట్టుకున్న ఆ వాదన మండిపోను," అని ముందు తిట్టాను. తర్వాత అన్నాను, "ఇప్పుడే స్టాండుకి పోయి చెప్పు. వాడేమన్నా మింగేస్తాడా నిన్ను?"

"చెప్తానక్కా. రేపు రాగానే, ఎవరూ రాకముందే చెప్తా."

ఆ సాయంత్రం వానకి వీధిలో కరెంటు పోయింది. ఎంత త్వరగా పోయిందో అంత త్వరగా వచ్చింది కూడా. అది పోకుండా ఉంటే కుంచోరో నిజం చెప్పేవాడనే నా నమ్మకం. దేవుడు కొందరికి సాకులు కూడా చేతికందిస్తాడు.

ఆదివారం తుకిరాన్ పెళ్లాంతో, బజ్జీల గిన్నెతో వచ్చాడు. చాప నిండా జనం. కార్డు పెట్టి, ఒకసారి చూశాడు, తీసి ఊది మళ్లీ పెట్టాడు.

"నిన్న కరెంటు పోయింది కదా," అన్నాడు కుంచోరో, నేల చూస్తూ. "దాంతో పోయినట్టుంది."

తుకిరాన్ చాలాసేపు ఆ పసివాడి బొమ్మనే చూశాడు. తర్వాత లేచి వచ్చి కుంచోరో భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వెందుకురా అలా అయిపోతావు? కరెంటు పోతే నువ్వేం చేస్తావు? ఊరుకో." బజ్జీలు అందరికీ పంచాడు. ఒకటి కుంచోరో నోట్లో పెట్టాడు కూడా. అది మింగడానికి అతను పడ్డ అవస్థ చూసి నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో, ఆ ఓదార్పుతో అతను సగం చచ్చాడు.

ఆ తర్వాత తుకిరాన్ ఆదివారాలు వచ్చేవాడు గానీ జాయ్‌స్టిక్కు ముట్టలేదు. "మళ్లీ మొదటి నుంచి నడిచే ఓపిక లేదక్కా," అన్నాడు. నా బల్ల దగ్గర కథలు ఆగిపోయాయి. ముసలాయన గొంతు చెప్పమని ఎవరో అడిగితే, ఆయన పోయాడన్నాడు.

తడిక అవతల మాత్రం, బడి పిల్లలు రాని పొద్దుటి వేళల్లో, తెల్లకొంగ పాట వినిపించడం మొదలైంది. కుంచోరో ఆడుతున్నాడు. తుకిరాన్ పోగొట్టుకున్నదాన్ని మళ్లీ ఆ తలుపు దాకా తెచ్చి కార్డులో పెడదామని. వానాకాలమంతా ఆడాడు. మొదట్లో తిట్టుకుంటూ ఆడేవాడు. పోను పోను తిట్లు తగ్గాయి. ఒకరోజు కాఫీకి వచ్చి, "అక్కా, సత్రంలో రాత్రి పడుకుంటే పొద్దున నిజంగానే మాట్లాడుకుంటారు. పిల్ల ఒకతి పాట కూడా పాడుతుంది. వాడు చెప్పినప్పుడు నేను వినలేదు," అన్నాడు.

"ఇప్పుడైనా వెళ్లి నిజం చెప్పు."

"ఇది ఇచ్చి చెప్తా. ఉత్త చేతులతో ఏ మొహం పెట్టుకుని పోను?"

తలుపు దాకా వచ్చిన మర్నాడే ఆదివారం. కుంచోరో కార్డు మీద దుమ్ము తుడిచి తుకిరాన్ చేతిలో పెట్టాడు. పెట్టి, నిజం చెప్పాల్సిన నోటితో ఇంకో అబద్ధం చెప్పాడు: సురబాయ పట్నంలో రిపేరు చేసేవాడు ఒకడున్నాడట, పోయింది పోయినట్టు వెనక్కి తెచ్చాడట. తడిక ఇవతల నేను నెత్తి కొట్టుకున్నాను.

తుకిరాన్ చిన్నపిల్లాడైపోయాడు. కుంచోరోని వాటేసుకున్నాడు. వీధిలోకి పోయి అందరినీ కేకేశాడు. నేనూ చేతులు తుడుచుకుని వెళ్లాను. కార్డు పెట్టాడు. చివరి తలుపు వచ్చింది. తలుపు ముందు ముగ్గురే ఉన్నారు.

"ముసలాయన ఏడీ?" అన్నాడు తుకిరాన్.

తుకిరాన్ తెర మీద వెతికాడు. ఆయుధాల సంచీ తీసి చూశాడు, సత్రంలో దిగిన వాళ్ల బొమ్మలు చూశాడు. ఎక్కడా లేడు. అప్పుడు మెల్లిగా వెనక్కి తిరిగాడు.

"వంతెన దగ్గర వదిలేశావు కదూ?"

మా అందరికీ ఆ వంతెన తెలుసు, తుకిరాన్ ఎన్నిసార్లు చెప్పాడో. వంతెన కూలిపోతూ ఉంటుంది. కుంటికాలితో ముసలాయన వెనకబడతాడు. వదిలేసి దాటితే గండం గడిచినట్టే. ఆయన కోసం ఆగితే వంతెన కూలుతుంది, కొండ చుట్టూ తిరిగి రావాలి. ఆ తిరగడానికే తుకిరాన్‌కి ఒక ఏడాది ఆదివారాలు పట్టాయి. మా అందరికీ తెలుసు. మరలు విప్పుతూ కూర్చున్న ఒక్కడికే తెలియదు.

"ఆయన యుద్ధానికి పనికిరాడు కదా అని..." అన్నాడు కుంచోరో. తర్వాత ఏడుపు గొంతుతో అంతా కక్కేశాడు. "కరెంటు కాదురా. నేనే. నీ కార్డు నేనే తీశాను. వంకలు పెడదామని తీశాను. వద్దనబోయి గుండ్రం నొక్కాను. చెప్పడానికి నోరు రాలేదు."

ఎవరో ఛీ అన్నారు. తుకిరాన్ జాయ్‌స్టిక్కు చాప మీద మెల్లిగా పెట్టాడు, తీగ కూడా చుట్టి పెట్టాడు.

"గుండ్రం నొక్కితే నొక్కావు, అది వేలు చేసిన తప్పు. ఆ ఒక్కమాట ఆరోజే చెప్పుంటే ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ముసలాయన్ని వదిలేసింది వేలు కాదురా, నువ్వు." చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నీలం వ్యాను మా వీధిలోకి రావడం మానేసింది. కుంచోరో నల్లకోట డిస్కు ముట్టడం మానేశాడు. పొద్దుటి పూట తెల్లకొంగ పాట మళ్లీ మొదటి నుంచి వినిపించసాగింది. ఈసారి ఆ పసివాడు సత్రం సత్రానికీ ఆగుతున్నాడని పాట వినే నాకు తెలిసిపోయేది. వంతెన కూలిన చప్పుడు ఒకరోజు పెద్దగా వినిపించింది. కుంచోరో తడిక సందులోంచి, "ఆగానక్కా," అన్నాడు. "కొండ చుట్టూ తిరిగే వెళ్తా." కాఫీ ఇచ్చాను. అతని మొహంలో మాత్రం తేలిక కనిపించలేదు. గోడ మీద తుకిరాన్ కార్డు ఉండే మేకు ఖాళీగా ఉండకుండా ఆడిన ప్రతిసారీ కార్డు అక్కడే తగిలించేవాడు. దాన్ని చూసినప్పుడల్లా తల దించుకునేవాడు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం పొద్దున వ్యాను వచ్చి నా అంగడి ముందు ఆగింది. తుకిరాన్ ఒక్కడే దిగాడు. పక్క గుమ్మం వైపు చూడకుండా వచ్చి బల్ల మీద కూర్చుని పెచెల్ అడిగాడు. పచ్చడి కొంచెం ఎక్కువే పోశాను. తడిక అవతల కొంగ పాట వస్తోంది. తుకిరాన్ తింటూ తింటూ ఆగి విన్నాడు.

"ఎక్కడిదాకా వచ్చాడక్కా?"

"కొండ దగ్గర. చుట్టూ తిరుగుతున్నాడు."

"ముసలాయన?"

"వెంటే ఉన్నాడు."

తుకిరాన్ ఆకులో అన్నం మెతుకు మిగలకుండా తిన్నాడు, నీళ్లు తాగాడు. లోపలికి వెళ్తాడేమోనని నేను చూశాను. వెళ్లలేదు. వ్యాను ఎక్కి, స్టార్టు చేసి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"నెమ్మదిగా నడవమనక్కా," అన్నాడు. "ఆయనకి కాలు నొప్పి."

ఆ మాట అన్నది తన గొంతుతో కాదు. దగ్గుతూ, గొణుగుతూ, ముసలాయన గొంతుతో అన్నాడు. వ్యాను వెళ్లిపోయింది. తడిక అవతల పాట ఆగింది, చాలాసేపటి దాకా మళ్లీ మొదలవలేదు.