పెన్‌డ్రైవ్‌లో పోయిన నవ్వు

ద్రాక్షారామంలో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. మూడేళ్ల క్రితం ఓ పెద్దాయన తన భార్య పెద్దకర్మకు ఫొటో కట్టించాలని పెన్‌డ్రైవ్ తెచ్చాడు.

"ఫోను కాలవలో పడిపోయిందండి. ఆవిడ ఫొటోలు ఇందులోనే మిగిలాయి" అన్నాడు.

యాంటీవైరస్ గడువు తీరిందని నా కంప్యూటర్ నెలరోజులుగా హెచ్చరిస్తూనే ఉంది. రోజూ 'తర్వాత' అని నొక్కేవాణ్ణి. ఆవేళ కూడా అదే నొక్కి, పెన్‌డ్రైవ్ పెట్టాను. నా కంప్యూటర్‌లోని వైరస్ నిమిషాల్లో అందులో ఉన్నవన్నీ పాడుచేసింది. ఎంత తంటాలుపడ్డా ఒక్క ఫొటో కూడా తెరుచుకోలేదు. తప్పు నాదేనని చెప్పాను.

"ఇంకోసారి చూడండి. నవ్వుతున్న ఫొటో ఒకటుండాలండీ" అన్నాడాయన.

చివరికి ఆధార్ కార్డులోని మసక ఫొటోనే పెద్దది చేసిచ్చాను. పెద్దకర్మనాడు దానికే దండ వేశారు.

ఇప్పుడు యాంటీవైరస్ సరిచూడనిదే ఎవరి పెన్‌డ్రైవూ ముట్టుకోను. ఆవిడ ఎలా నవ్వేదో మాత్రం నాకు తెలియదు.