పిన్ని పెదాల మీద అమ్మ గొంతు

మా చిన్నవాడికి స్నానం చేయించి మెడకింద టాల్కం పౌడరు అద్దిన ప్రతిసారీ, ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది పసిపిల్లలు కాదు, నవాబుగారు. నేను నిలబడి ఉండేది మెల్‌బోర్న్ శివార్లలో క్రాన్‌బర్న్‌లోని ఈ కొత్త ఇంటి బాత్‌రూములోనే, కళ్లముందు మాత్రం క్లేటన్‌లో మేమున్న అద్దె ఇల్లు, వంటగదిలో స్టూలు మీద బుద్ధిగా కూర్చున్న మా నాన్న, ఆయన నల్లటి జుట్టు మీద పౌడరు కుమ్మరిస్తూ "కదలమాకండి, కనుబొమలక్కూడా పుయ్యాల" అని విసుక్కునే అమ్మ కనపడతారు. ఒక కంప్యూటరు ఉద్యోగిని ముసలి హైదరాబాదు నవాబుగా మార్చడానికి మా దగ్గరున్న సరంజామా అదొక్కటే. ఆయన తుమ్మితే చాలు, నవాబుగారి వయసు సగానికి దిగిపోయేది.

రెండువేల సంవత్సరం రాగానే లోకంలోని కంప్యూటర్లన్నీ తికమకపడి కూలబడతాయని అందరూ భయపడుతున్న రోజులవి. ఆ భయం పుణ్యమా అని నాన్నకు మెల్‌బోర్న్‌లో ఉద్యోగం దొరికింది, మా ఒంగోలు సంసారం క్లేటన్ చేరింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. గ్యాస్ హీటరు ముందు ఆరబెట్టిన సాక్సుల వాసన, వానాకాలం తివాచీ వాసన, ఎక్కడో వెతికి పట్టుకొచ్చిన కరివేపాకు రెబ్బ నూనెలో పడగానే ఇల్లంతా వంటగదిలోకి పరిగెత్తుకొచ్చే వాసన, ఇవి కలిపితే నా బాల్యం. పెరట్లో గొడుగులా తెరుచుకుని గిర్రున తిరిగే బట్టల దండెం ఉండేది. అమ్మ లోపలుందంటే నేనూ పక్కింటి గ్రీకు పిల్లలూ దాని ఊచలు పట్టుకుని వేలాడుతూ తిరిగేవాళ్లం, నాన్న చొక్కాలు మా మొహాలకు చెంపదెబ్బల్లా తగులుతుండేవి. పండగలు మాకు తలకిందులుగా వచ్చేవి. దీపావళినాడు ఎంతకీ పొద్దుగూకేది కాదు, కాకరపువ్వొత్తులు చేతిలో పట్టుకుని చీకటి కోసం ఆవలిస్తూ కూర్చునేవాళ్లం. ఉగాదికి చెట్లు ఆకులు రాల్చేవి. వేపపువ్వు దొరక్క అమ్మ పచ్చట్లో చిటికెడు మెంతిపొడి వేసి "చేదైతే చాల్లే, దేవుడేమన్నా రుచి చూస్తాడా" అనేది.

నాన్నకు సినిమా పిచ్చి. ఒంగోల్లో ఉండగా చూడటం వరకే ఉన్న ఆ పిచ్చి, ఇక్కడ చేతికి హ్యాండీక్యామ్ రాగానే తీయడం దాకా ముదిరింది. వచ్చే ఉగాదికి మా తెలుగు సంఘంలో చూపించడానికి నైజాము కాలం నాటి ప్రేమకథ ఒకటి రాశాడు. ఒక నవాబుగారి కూతురు, ఆమె తమ్ముడికి తెలుగు చెప్పడానికి దేవిడీకి, అంటే వాళ్ల మహలుకు, వచ్చే బ్రాహ్మణ పంతులు, ఇద్దరి మధ్యా మతం. ప్రేమకు మతం అడ్డమా అంటూ పేజీలకు పేజీలు డైలాగులు రాసి, వాటిని బట్టలు ఉతుకుతున్న అమ్మకు చదివి వినిపించేవాడు. అమ్మ కళ్లు తుడుచుకుని మళ్లీ ఉతికేది.

నవాబుగారి కూతురి వేషం మా సుధ పిన్నిది. పిన్ని అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు, మా ఇంట్లోనే ఉండి యూనివర్సిటీలో చదువుకుంటూ, సాయంత్రాలు ఒక బేకరీలో పనిచేసేది. ఆమె లోపలికి వస్తుంటే ఆమెకన్నా ముందు దాల్చినచెక్క బన్నుల వాసన వచ్చేది. పంతులు వేషం ఇంతియాజ్ అంకుల్‌ది. ఆయన హైదరాబాదు మనిషి, నాన్న ఆఫీసులోనే పని, తోటి బ్రహ్మచారులతో కలిసి మా వీధి చివరే ఉండేవాడు. రంజాన్‌కు పెద్ద గిన్నెడు షీర్ ఖుర్మా తెచ్చి మా బల్లమీద పెట్టి, నేను జీడిపప్పులు ఏరుకుని తింటుంటే చూసీ చూడనట్టు ఉండేవాడు. ముస్లిం అబ్బాయికి పంతులు వేషం, హిందూ అమ్మాయికి నవాబు కూతురి వేషం ఇవ్వడం నాన్న తెలివి. అట్లా అయితే ఎవరి మనసుకూ తగలదని.

దాంతో ఏమైందంటే, ఆ ఏడాది చలికాలమంతా మా హాల్లో వాళ్లిద్దరూ ఒకరి అలవాట్లు ఒకరికి నేర్పుకున్నారు. ఆదాబ్ చేసేటప్పుడు తల ఎంత వంచాలో, దుపట్టా నుదుటిమీద ఎక్కడ ఆగాలో ఆయన దూరంగా నిలబడి చెప్పేవాడు. బొట్టు నిలువుగా రావాలంటే ఏ వేలితో దిద్దుకోవాలో, కండువా ఏ భుజం మీద పడాలో పిన్ని చెప్పేది. ఆయన పెట్టుకున్న బొట్టు రోజూ వంకరే. పిన్ని అద్దం తెచ్చి పట్టుకునేది, ఆయన అద్దంలోకి కాక అద్దం మీదుగా చూసేవాడు. అందువల్ల బొట్టు మళ్లీ వంకరపోయేది. నాకు అర్థమైనా ఎవరికీ చెప్పాలనిపించలేదు, చూడటానికి అంత బాగుండేది. అమ్మ వాళ్లిద్దరికీ టీలు అందిస్తూ "ఈ పంతులికి ఈ జన్మలో బొట్టు రాదు" అని నవ్వేది.

షూటింగు అంటే మాకు పిక్నిక్కే. పులిహోర డబ్బాలు, ఫ్లాస్కుల్లో టీ, కారు వెనక నవాబుగారి సింహాసనం. నైజాము కాలంలో ఉండకూడనివన్నీ క్లేటన్‌లో ఉండేవి. కెమెరా ఎటు తిప్పినా కరెంటు తీగలు, బెరడు ఊడి వేలాడే యూకలిప్టస్ చెట్లు, ప్రేమ మాటలు మొదలవగానే గడ్డికోసే మిషను. వసంతం వచ్చాక మాగ్‌పై పక్షులు గూళ్ల దగ్గరికి వచ్చినవాళ్లను తన్నిపోతాయి కదా, ఒకటి వచ్చి నవాబుగారి టోపీ తన్నుకుని పోయింది. నాన్న దాన్ని తరుముతుంటే తల్లోంచి పౌడరు పొగలా లేచింది. పిన్ని నవ్వీ నవ్వీ గడ్డిమీద కూలబడింది. పిన్ని అట్లా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

ఇన్ని మోతల మధ్య మాటలు పట్టవు గనుక, బొమ్మ ముందు తీసి గొంతులు తర్వాత పెడదామని నాన్న నిర్ణయించాడు. కథ చివర నాయిక గడప దాటి పంతులుతో వెళ్లిపోవాలి. సంఘం ప్రెసిడెంటు అంకుల్ అది విని "పండగపూట లేచిపోయే కథలెందుకండీ, రెండు మతాల కుటుంబాలూ వస్తాయి" అన్నాడు. నాన్న నొచ్చుకుంటూనే ముగింపు మార్చాడు. కొండమీద పంతులు "నాతో వస్తావా?" అని అడగాలి, ఆమె "రాను. నన్ను మరిచిపో" అని వెనక్కి తిరగాలి.

దానికోసం డాండినాంగ్ కొండలకు వెళ్లాం. గాలికి నిలబడలేక నేనూ అమ్మా కార్లో బొంత కప్పుకుని అద్దాల్లోంచి చూశాం. పిన్ని దుపట్టా జెండాలా కొట్టుకుంటోంది. ఆయన అడిగాడు, ఆమె జవాబు చెప్పింది, ఆయన వెలిగిపోతున్న మొహంతో మావైపు తిరిగాడు. నాన్న కెమెరా దించి అరిచాడు.

"ఏందయ్యా ఇంతియాజ్ ఆ నవ్వు? పిల్ల రానంటే ఏడవాల కదా!"

ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు ఏడుపు రాలేదు. చివరికి నాన్న విసుగెత్తి, ఆయన వీపువైపు నుంచి పిన్ని మొహం మాత్రం కనపడే మొదటి షాటే ఉంచుదామన్నాడు.

తర్వాతి ఆదివారం, పిన్ని బేకరీకి వెళ్లిన వేళ, ఇంతియాజ్ అంకుల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి సోఫా అంచున కూర్చున్నాడు. "అన్నా, మీరు పెద్దోళ్లని అడగనీకొచ్చిన. సుధను పెళ్లి చేసుకుంట. మా అమ్మను నేను ఒప్పిస్త" అన్నాడు. ప్రేమకు మతం అడ్డమా అని అన్ని పేజీలు రాసిన మా నాన్నకు ఒక్క డైలాగూ దొరకలేదు. "ఒంగోల్లో మామగారితో మాట్టాడాల" అని నేలచూపులు చూశాడు. అమ్మ టీ ఇచ్చింది గానీ ఆయన పక్కకు చూడలేదు.

అమ్మ పిన్నిని ఒక్క మాటా అడగలేదు. అడిగితే జవాబు చెబుతుందేమోనని భయం కాబోలు. వంటగదిలో నాన్నతో మాత్రం "ఆ వేషం వేసీ వేసీ అదే నిజమనుకుంటందండీ. నాలుగు రోజులు ఊరిగాలి తగిలితే దిగిపోద్ది" అంది. అక్క తనంతట తానే మాట ఎత్తుతుందని పిన్ని ఎదురుచూసింది. పరీక్షలు అవగానే అమ్మ ఎత్తిన మాట వేరు. తాతయ్యకు ఒంట్లో బాగాలేదంది, నిన్నే కలవరిస్తున్నాడంది. పిన్ని కంగారుగా బయలుదేరింది, పుస్తకాలు బల్లమీదే ఉంచి, స్వెటర్లు అలమారలోనే ఉంచి, వెంటనే తిరిగొచ్చే మనిషిలా. ఒంగోల్లో తాతయ్య వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడట. పాస్‌పోర్టు ఆయన బీరువాలోకి వెళ్లింది. డిసెంబరులో మొదలయ్యే మా వేసవి సెలవులు పూర్తయ్యేలోపే పిన్ని పెళ్లయిపోయింది.

రెండువేల సంవత్సరం వచ్చింది, ఏ కంప్యూటరూ కూలలేదు. ఆ రంజాన్‌కు మా బల్లమీద షీర్ ఖుర్మా గిన్నె లేదు.

ఉగాది దగ్గరపడింది, సినిమా వేస్తామని సంఘం అందరికీ చెప్పేసింది. గొంతులు పెట్టాలంటే నాయకుడు మా గడప తొక్కడం లేదు, నాయిక ఒంగోలులో కాపురం చేస్తోంది. అక్కచెల్లెళ్ల గొంతులు ఒకే పోలిక గనుక పిన్నికి అమ్మ, పంతులుకి నాన్న చెప్పడం తప్పలేదు. బయటి శబ్దం రాకుండా పడగ్గది కిటికీలకు బొంతలు కట్టి, ఫ్యాను ఆపి, ఆ ఎండల్లో చెమటలు కక్కుతూ టీవీ ముందు కూర్చుని చెప్పేవాళ్లు. నేను మంచం మీద నోరు మూసుకుని ఉండాలని ఒప్పందం. అన్ని సీన్లూ చక్కగా కుదిరాయి, చివరిది తప్ప.

"నాతో వస్తావా?" అన్నాడు నాన్న. "రాను. నన్ను మరిచిపో" అంది అమ్మ. తెరమీద పిన్ని పెదాలు ఆ మాటకు అతకలేదు. మళ్లీ చెప్పింది, కాస్త సాగదీసి చెప్పింది, గబగబా చెప్పింది, అతకలేదు. టేపులో అసలు మాట విందామంటే గాలి హోరు తప్ప ఏమీ లేదు. "పిన్ని డైలాగ్ ఫర్గెట్ చేసిందేమో అమ్మా" అన్నాను నేను. అమ్మ టీవీకి దగ్గరగా జరిగి, పిన్ని పెదాలు ఎట్లా కదిలితే తన పెదాలు అట్లా శబ్దం లేకుండా కదిపి చూసుకుంది. ఒకసారి, ఇంకోసారి. తర్వాత చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇది రాననట్లేదండీ. వస్తానంటంది. తప్పకుండా వస్తానంటంది."

నాన్న ఆ షాటు మళ్లీ పెట్టి చూశాడు, టీవీ ఆపేశాడు. ఆ కొండమీద ఇంతియాజ్ అంకుల్‌కు ఏడుపెందుకు రాలేదో అప్పుడు తెలిసింది వాళ్లకు. వేషాల మైకం అనుకున్న అమ్మ కార్లో బొంత కప్పుకుని చూస్తుండగానే, చెల్లెలు మాట ఇచ్చేసింది. "నేను దాని గొంతు కోశానండీ" అని అమ్మ ఆ ఉక్క గదిలో బోరుమంది. సాయంత్రం మొహం కడుక్కుని వచ్చి, పెదాలు అతక్కపోయినా సరే అని, వణికే గొంతుతో "రాను" చెప్పేసింది. ఇంకేం చెప్పగలదు? అక్కడ తాళి కట్టేశారు.

ఉగాదినాడు అద్దెకు తీసుకున్న స్కూలు హాల్లో సినిమా వేశారు. చివరి సీనుకు హిందువులూ ముస్లిములూ అందరూ ముక్కులు చీదారు, ప్రెసిడెంటు అంకుల్ సహా. ఆ కన్నీళ్లు చూసి నాకు ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతుంది. ఇంతియాజ్ అంకుల్ తలుపు దగ్గర నిలబడి చూశాడు. అయిపోయాక అందరితోపాటు కుర్చీలు మడతపెడుతుంటే అమ్మ పులిహోర ప్లేటు పట్టుకెళ్లింది.

"గొంతు మీదేనా అక్కా?" అన్నాడాయన. అమ్మ తలూపింది. ఆయన ప్లేటు అందుకుని, "మస్తు చెప్పిన్రు" అని, గోడవైపు తిరిగి తిన్నాడు. ఆ తర్వాత కాన్‌బెర్రాలో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు క్లేటన్‌లో మా ఇల్లు లేదు, ఆ స్థలంలో వరసగా అతుక్కున్న చిన్న ఇళ్ల యూనిట్లు లేచాయి. గొడుగులా తిరిగే దండేలూ పోయాయి, వాటిమీద ఊగే పిల్లలూ పోయారు. పోయిన చలికాలం అమ్మ కూడా పోయింది. ఎన్నిసార్లు పిలిచినా మళ్లీ ఆస్ట్రేలియా మొహం చూడని సుధ పిన్ని, అమ్మ పోయాక ఇన్నేళ్లకు మొన్న వచ్చింది. నాన్న నడకకు వెళ్లిన ఒక మధ్యాహ్నం తనే అడిగింది, ఆ సినిమా ఉందా అని. టేపు నుంచి కంప్యూటర్లోకి ఎక్కించింది ఉంది, పెట్టాను. మాగ్‌పై టోపీ తన్నుకుపోయిన చోటు దాటాక చిన్నగా నవ్వింది. కొండ సీను దగ్గర నవ్వు ఆగిపోయింది. అది అయ్యాక, ఉక్క గదిలో ఏం జరిగిందో చెప్పాను. ఎవరో ఒకరు చెప్పాలి కదా.

"అక్కకి తెలుసా? మరి ప్రతి పండక్కీ ఫోన్ చేసి, వాన పడిందా, ఏం వండావని అడిగేదే గానీ..." అని తెర దగ్గరికి జరిగింది. "సౌండు తీసేసి ఒకసారి పెట్టమ్మా" అంది.

సౌండు లేకుండా పెట్టాను. దుపట్టా గాలికి కొట్టుకుంటుండగా ఆ పిల్ల తప్పకుండా వస్తానంటోంది. పిన్ని రెప్ప వెయ్యకుండా చూసింది.

"ఇప్పుడు సౌండు పెట్టు."

పెట్టాను. "రాను. నన్ను మరిచిపో" అంది అమ్మ, వణుకుతున్న గొంతుతో. పిన్ని తెరవైపు చెయ్యి చాపి "అక్కా" అంది.