అత్తగారి స్విచాన్

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, అందరికంటే బాగా మా అత్తగారికి తెలుసు. ఆ శుక్రవారం పొద్దున నేను ఆవిణ్ణి అన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ నాలుక కరుచుకుంటాను. ఇంతకీ ఆ మాట రావడానికి కారణం ఒక కంప్యూటరు. ఇంటికొచ్చి పట్టుమని పది రోజులు కాలేదు, ఉన్నట్టుండి లేవనని మొండికేసింది.

అసలది మా ఇంటికి ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. నేను సినిమాలకు ఎడిటింగ్ చేస్తాను. పాప పుట్టకముందు ఫిల్మ్‌నగర్‌లో ఒక ఎడిటింగ్ రూములో ఆరేళ్ళు పనిచేశాను. పాప పుట్టాక మూడేళ్ళు ఇంట్లోనే ఉండిపోయాను. మా లైన్లో మూడేళ్ళు కనపడకపోతే మనిషిని మర్చిపోయినట్టే. దారిలో ఎదురైనవాళ్ళు "ఇంకా చేస్తున్నావా?" అని అడిగేవారే గానీ పని ఇచ్చిన పాపాన పోలేదు. చివరికి నాతోపాటు మెట్ల మీద కూర్చుని టీలు తాగిన ఒక అసిస్టెంట్ డైరెక్టరు డైరెక్టరయ్యాడు. తన సినిమా మొదటి రీలు నా చేతికిచ్చాడు.

"శుక్రవారం సాయంత్రం ఐదింటికి ప్రొడ్యూసర్ గారు చూస్తారు. నచ్చిందా, సినిమా అంతా నీదే. నచ్చకపోతే నా చేతుల్లో ఏమీ ఉండదు. శ్రీనగర్ కాలనీలో ఇంకో ఎడిటర్‌తో ఆల్రెడీ మాట్లాడి పెట్టుకున్నారు" అన్నాడు.

పాపను చూసుకుంటూ ఇంట్లోనే చెయ్యాలి కాబట్టి కృష్ణానగర్‌లో మా రెండు గదుల ఇంట్లోకి కంప్యూటరు వచ్చింది. దాన్ని బిగించింది మా పాత ఎడిటింగ్ రూములో మిషన్లన్నీ చూసుకునే మనిషి, అందరం అన్న అంటాం. ఎర్రగడ్డలో ఉంటాడు, యాభై దాటాయి. భాగాలు విడివిడిగా కొనుక్కొచ్చి, చాప మీద పరుచుకుని, ఒక్క పూటలో బిగించేశాడు.

ఆఖరి స్క్రూ తిప్పుతుండగా వంటింట్లోంచి అత్తగారు పళ్ళెం పట్టుకుని వచ్చారు. గంధం గిన్నె, కుంకుమ, కొబ్బరికాయ. ఆవిడ ముప్పై ఏళ్ళు జూనియర్ ఆర్టిస్టుగా చేశారు. పెళ్ళి సీన్లో అక్షింతలు వేసే ముత్తైదువ, కోర్టు సీన్లో వెనక బెంచీ, ఆస్పత్రి సీన్లో ఏడ్చే బంధువు, అన్నీ ఆవిడే. సినిమా మొదలయ్యే రోజున కెమెరాకు పూజ చేసి బొట్టు పెడతారు. ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి కెమెరా స్విచాన్ చేస్తారు, ఫోటోలు తీస్తారు. అత్తగారు అలాంటి ముహూర్తాలు చాలానే చూశారు. "దగ్గరికి మమ్మల్నెవరు రానిస్తారమ్మా, దూరం నుంచే దణ్ణం" అనేవారు.

అది గుర్తొచ్చి, "అత్తయ్యా, స్విచాన్ మీరే చెయ్యాలి" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి, అన్న మొహంలోకి చూశారు. వేళాకోళం కాదని నమ్మకం కుదిరాక, స్విచ్చి నిండా గంధం రాసి, మధ్యలో కుంకుమ పెట్టి, కళ్ళు మూసుకుని నొక్కారు. కంప్యూటరు డబ్బా లోపల లైట్లు వెలిగి ఫ్యాను తిరిగింది. అన్న చప్పట్లు కొట్టాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, పాపకు పాలు కలపాలంటూ లోపలికి వెళ్ళిపోయారు. అప్పటినుంచి స్నానం కాగానే గ్యాసు పొయ్యికీ, కుట్టుమిషనుకీ పెట్టినట్టే దానికీ రోజూ బొట్టు పెట్టేవారు.

ఇక ఆ శుక్రవారం. రీలు దాదాపు అయిపోయింది, చివరి సీను ఒక్కటి సరిచెయ్యాలి. పది గంటలకు స్విచ్చి నొక్కాను. లైట్లు వెలిగాయి, ఫ్యాను తిరిగింది, నాలుగు సెకన్లకు టప్పున ఆరిపోయింది. మళ్ళీ నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. ప్లగ్గు పీకి పెడితే మళ్ళీ వెలిగి, మళ్ళీ నాలుగు సెకన్లకు ఆరింది. నేను వారం రోజులు కట్ చేసిందంతా దాని పొట్టలోనే ఉంది. మా ఆయన లైట్‌మన్, అవుట్‌డోర్‌కి రాజమండ్రి వెళ్ళి ఉన్నారు. అన్నకు ఫోన్ చేసి కూర్చున్నాను.

అత్తగారు గుప్పిట్లో ఉప్పుతో వచ్చారు. "దిష్టి తగిలిందమ్మా. తప్పు నాదే. మా కోడలు మళ్ళీ సినిమా చేస్తోందని కింద వాటా వాళ్ళతో చెప్పుకున్నాను. ఒక్క నిమిషం ఉండు, దిష్టి తీసేస్తాను."

"దిష్టీ లేదు, పాడూ లేదు. మీకు తెలియని వాటిల్లో వేలు పెట్టకండి. మీరు వంటింట్లో ఉంటే నాకదే పదివేలు" అన్నాను.

ఆవిడ ఉప్పు తీసుకెళ్ళి మళ్ళీ జాడీలో పోసి, వంటింటి కర్టెన్ వేసుకున్నారు.

అన్న వచ్చేసరికి పన్నెండయింది. డబ్బా పక్క రేకు ఊడదీసి, వెలిగించి, వేళ్ళ మీద లెక్కపెట్టాడు.

"మంచిగనే లేస్తున్నది, నాలుగు లెక్కవెట్టంగనే పండుకుంటున్నది. ఏందో సమజైతలేదు చెల్లె" అన్నాడు.

ర్యామ్ పీకి, పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాడు. నాలుగు సెకన్లు. తన సంచిలోంచి వేరే పవర్ సప్లై తీసి తగిలించాడు. మళ్ళీ నాలుగే. ఒక్కో ముక్కా విప్పి చాప మీద పేర్చుకుంటూ పోయాడు. రెండయింది, మూడయింది. డైరెక్టరు నుంచి మెసేజ్ వచ్చింది, చూడలేదు. ఈ సినిమా పోతే ఇక నన్నెవరూ పిలవరు, నేను ఎడిటర్‌నని చెప్పుకోవడం కూడా మానెయ్యాలి. నాకు ఏడుపొచ్చేసింది. అన్న చూసీ చూడనట్టు స్క్రూలు ఏరుకున్నాడు.

"జర ఆగు చెల్లె, గీ ఒక్కటి చూద్దాం" అని, స్విచ్చి నుంచి మదర్‌బోర్డుకు వెళ్ళే సన్నటి తీగ లాగేశాడు. తీగ ఉన్న చోట రెండు చిన్న సూదుల్లాంటివి ఉన్నాయి. స్క్రూడ్రైవర్ కొనతో ఆ రెండింటినీ కలిపి ముట్టించాడు.

లైట్లు వెలిగాయి. నేను లెక్కపెట్టాను. నాలుగు దాటింది, పది దాటింది, ఇరవై దాకా లెక్కపెట్టి ఆపేశాను.

అంటే మిషన్‌కి ఏ రోగమూ లేదు, జబ్బంతా స్విచ్చిదే. అన్న డబ్బాను పడుకోబెట్టి ఫోన్ లైటు వేశాడు. "లోపలికి వొయ్యి గాడనే అతుక్కున్నది. మనం ఏలు తియ్యకుంట ఒత్తి పట్టినట్టు అనుకుంటున్నది పాపం. అట్ల నాలుగు సెకన్లు ఒత్తి పడితే బంద్ అయితది గదా" అంటూ, చెవిలో పెట్టుకునే దూది పుల్లతో స్విచ్చి అంచు గీకాడు. దూది పచ్చగా వచ్చింది. ఇంకోటి గీకాడు, అదీ పచ్చగానే. గది అంతా గంధం వాసన.

నిజం చెప్పాలంటే ముందు నాకు ఒళ్ళు మండింది. నోరు తెరిచాను కూడా. అప్పుడు వంటింటి కర్టెన్ కింద ఆవిడ పాదాలు కనపడ్డాయి. పొద్దుటినుంచీ ఆవిడ అన్నం తినలేదు. తెరిచిన నోరు మూసుకున్నాను.

అన్న "పెద్దమ్మా" అని మొదలెట్టబోయాడు. నేను వద్దని చెయ్యి ఊపాను. వెంటనే మాట మార్చి, "దుమ్ము వడ్డది పెద్దమ్మా, కొత్త వాటికి గట్లనే అయితది, ఫికర్ జెయ్యకు" అన్నాడు. కర్టెన్ కింద పాదాలు వెనక్కి వెళ్ళాయి.

స్విచ్చి విప్పి కడిగేంత టైము లేదు. దాని పక్కనే రీసెట్‌కని ఇంకో చిన్న బటన్ ఉంటుంది, ఎవరూ వాడరు. అన్న దాని తీగ తెచ్చి ఆ సూదులకు గుచ్చాడు. "ఇగ నుంచి గిదే నీ స్విచ్చి. పెద్దది ఉత్తగ ఉంటది" అన్నాడు. మూడున్నరకు కూర్చుని చివరి సీను సరిచేసి, ఐదుకు పది నిమిషాలు ఉందనగా రీలు పంపించాను. ఏడింటికి డైరెక్టరు ఫోన్ చేసి, "రెండో రీలు ఎప్పుడు మొదలుపెడతావ్?" అన్నాడు.

పరుగున వంటింట్లోకి వెళ్ళి అత్తగారిని వాటేసుకున్నాను. పొద్దున నేనన్న మాటకు ఏదో చెప్పబోతే, "పోనీలే అమ్మా, కంగారులో ఉన్నావు" అని నా నోట్లో ఇంత బెల్లం పెట్టారు.

రెండో రీలు పనిలో పడి వారం రోజులు నేను దేన్నీ గమనించలేదు. మళ్ళీ శుక్రవారం చూస్తే పొయ్యి మీద తాజా బొట్టు ఉంది, కుట్టుమిషను మీద ఉంది. కంప్యూటరు మీద లేదు. అన్న తుడిచి వెళ్ళిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

"దీనికి బొట్టు పెట్టలేదేం అత్తయ్యా?" అని అడిగాను.

ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తలెత్తలేదు. "చెత్తబుట్టలో ఆ పుల్లలు చూశానమ్మా. నేనరగదీసిన గంధం వాసన నాకు తెలియదా? ఇక దాని దగ్గరికి రానులే. ముప్పై ఏళ్ళు దూరంగా నిలబడ్డదాన్నే కదా, నాకేం కొత్త కాదు" అన్నారు.

ఆవిడ ఒళ్ళోంచి చిక్కుడుకాయల పళ్ళెం తీసి పక్కన పెట్టి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టాను. పెద్ద స్విచ్చి చూపించి, "దీనికి తీగ తీసేశాం. ఇది మీ బొట్టుకే. ఎంత గంధం పూసినా దీనికేమీ కాదు" అన్నాను.

ఆవిడ వంగి దాన్ని దగ్గరగా చూశారు. తర్వాత గంధం గిన్నె తెచ్చుకుని, బొట్టు పెట్టి, "మరి స్విచాన్?" అన్నారు మెల్లగా.

పక్కనున్న చిన్న బటన్ చూపించాను. "అదీ మీరే చెయ్యాలి. రోజూ."

అత్తగారు లేచి వెళ్ళి చెయ్యి కడుక్కుని వచ్చారు. వేలు కొంగుకు తుడిచారు, వెలుతురులో పెట్టి చూసుకున్నారు, మళ్ళీ తుడిచారు. అప్పుడు నొక్కారు.