గ్లాసు వేరు, సూది ఒకటే

ఆళ్లగడ్డలో ఆ పొద్దున ఉగ్గాని నోట్లో పెట్టుకోగానే భగ్గున మండింది. రత్నక్క అదే ప్లేటులోంచి హాయిగా తింటోంది. గదికొచ్చి అద్దంలో చూసుకుంటే నాలుక మీద పెరుగు పూసినట్టు తెల్లగా ఉంది. అప్పటికే జ్వరం వస్తూ పోతూ ఉంది, జాకెట్లు వదులైపోయాయి. నాకు భయమేసింది.

రత్నక్కా నేనూ లారీలు ఆగే చోట పనిచేసేవాళ్లం. ఏం పనో మీకు విడమరచి చెప్పక్కర్లేదు. కండోమ్ లేకుండా ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాళ్లం కాదు, ఆ విషయంలో ఇద్దరం గట్టి పిండాలం. ఒంటి నొప్పులు తెలియకుండా మత్తు సూది వేసుకునేవాళ్లం. దాన్ని మాత్రం వేడినీళ్లతో కడిగి అందరం వాడుకునేవాళ్లం.

"మనలో మనకు ఎంగిలేందిమే?" అనేది అక్క. బయటివాళ్ల దగ్గర జాగ్రత్త, మనవాళ్ల దగ్గర నమ్మకం. అదే మా పద్ధతి.

నంద్యాల ఆసుపత్రిలో రక్తం తీసుకున్నారు. కౌన్సెలర్ మేడం తలుపు దగ్గరికి వేసి, "హెచ్‌ఐవీ పాజిటివ్ వచ్చిందమ్మా" అంది.

"కండోమ్ లేకుండా ఎవురితోనూ పోలేదు మేడం!" అని గట్టిగా అరిచాను.

ఆమె నా మోచేతి మీద మచ్చలు చూసింది. "సూది?"

"మావాళ్లమే వాడతాం. కడుగుతాం."

"కడిగితే లోపలి రక్తం పోదమ్మా. ఒకే ప్లేటులో తింటే రాదు, ఒకే సూది వాడితే వస్తుంది."

డాక్టరు కాగితం చూసి, "రోగాలను తట్టుకునే సీడీ4 కణాల లెక్క బాగా తగ్గింది. అయినా టైంకే వచ్చావు. హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మాత్ర రోజూ వేసుకో, ముసలిదానివయ్యేదాకా బతుకుతావు" అన్నాడు. ఆ మాట పట్టుకుని బస్సెక్కాను.

అక్కకు చెబితే నన్ను పట్టుకుని ఏడ్చింది. మర్నాడు నాకు వేరే గ్లాసు పెట్టింది, అంచు మీద మేకుతో గీత గీసి మరీ. ఆ సాయంత్రమే ఇంకొకామెతో సూది పంచుకుంది.

"నా గ్లాసుకు భయపడతాండావ్, ఆ సూదికి భయం లేదా అక్కా?"

"నీకొచ్చిందని అందరికీ వస్తాదా? పోమే!"

నా రోగం కంటే ఆమె మొండితనమే నన్ను ఎక్కువ ఏడిపించింది. ఆమెకూ వచ్చి ఉంటే, తెలిసేలోపే ప్రాణం మీదికి వస్తుందని నా దిగులు.

మొదట్లో మాత్రలకు తల తిరిగేది. సూది మానేసరికి మత్తు లేక ఒళ్లంతా పీకేది. ఓసారి ఓర్చుకోలేక మళ్లీ సూది పట్టాను, మాత్రలు వదిలేశాను. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, పెరిగింది. డాక్టరు తిట్టలేదు. "మళ్లీ మొదలుపెడదాం" అని, మత్తు మానడానికి నాలుక కింద పెట్టుకునే ఓఎస్‌టీ మాత్ర కూడా రాశాడు. అది వాళ్ల ఎదుటే వేసుకోవాలి. నెలలు గడిచాక వైరల్ లోడ్ టెస్టులో కనిపించనంతగా పడిపోయింది. జాకెట్లు మళ్లీ బిగుతయ్యాయి.

అది చూసి రత్నక్క మెత్తబడింది. "ఏమ్మే, ఒళ్లు చేసినావే!"

"నువ్వూ రా, టెస్టు చేపిస్తా."

"నాకూ ఉంటే?"

"ఉంటే నా మాదిరే ఒళ్లు చేస్తావ్."

పకపకా నవ్వింది. కానీ నంద్యాల దాకా నా చెయ్యి వదల్లేదు.

నెగటివ్ వచ్చింది. మూడు నెలలకు మళ్లీ రమ్మనీ, ఈలోగా పాత సూది ముట్టొద్దనీ మేడం చెప్పింది. బయట బంకు దగ్గర టీ తాగుతుంటే, అక్క నా చేతిలోని గ్లాసు లాక్కుని మిగిలిన సగం తాగేసింది.

మూడు నెలల తర్వాతా నెగటివే. ఇప్పటికీ ఇద్దరం అదే గదిలో ఉంటున్నాం. నేను సూది పూర్తిగా మానాను. అక్క ఇంకా మానలేదు గానీ, ప్రతిసారీ కొత్తదే తెచ్చుకుంటుంది.

నాలాంటి చెల్లెళ్లకు ఒక్క మాట: మానలేకపోతే ఎవరి సూది వాళ్లదే, అదీ ప్రతిసారీ కొత్తదే. ప్రాణంలాంటి మనిషి అడిగినా మీది ఇవ్వకండి. అంత ప్రేమ ఉంటే మీ టీలో సగం ఇవ్వండి.